పత్తెం రాసే అమ్మి

కర్నూలులో ట్రైనింగుకు చేరిన మొదటి నెలంతా వార్డులో నన్ను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. "ఓ పత్తెం అమ్మీ, మా నాయనకు పాలు పొయ్యొచ్చునా?" అని ఒకరు. "పత్తెం రాసే అమ్మి వచ్చె, లేసి కూర్చో" అని ఇంకొకరు. మెడలో వేలాడే కార్డు మీద డైట్ టెక్నీషియన్ ట్రైనీ అని ఉండేది. దాన్ని చదివినవాళ్ళు తక్కువ, చదివి అర్థం చేసుకున్నవాళ్ళు ఇంకా తక్కువ. పథ్యం మాత్రం మా పల్లెల్లో తెలియని ఇల్లు లేదు. జ్వరమొస్తే పత్తెం, బాలింతకు పత్తెం, పసరు మందు తాగితే పత్తెం. అందుకే ఆ పిలుపు నాకు మొదటి రోజే నచ్చింది. తాతల నాటి నుంచి మన ఇళ్ళల్లో ఉన్న పనే నేనూ చేస్తున్నాను, నా చేతిలో అదనంగా ఒక త్రాసూ ఒక పుస్తకమూ ఉన్నాయి, అంతే అనుకునేదాన్ని.

మాది కోడుమూరు. ఇంటర్లో బైపీసీ, డిగ్రీలో పోషకాహారం ఒక సబ్జెక్టు. ఎమ్మెస్సీ చదివి పూర్తి డైటీషియన్ కావాలంటే హైదరాబాదుకో తిరుపతికో పోవాలి. నాయన చేతిలో అంత డబ్బు లేదు, చెల్లెలి చదువు ఇంకా మిగిలే ఉంది. దూరవిద్యలో ఇగ్నో వాళ్ళ పోషకాహార డిప్లొమా ఏడాది కోర్సు కట్టాను. దాంతోపాటు కర్నూలులో ఒక పెద్ద ఆసుపత్రిలో డైట్ విభాగానికి ట్రైనీగా తీసుకుంటున్నారని తెలిసి చేరాను. 2009 జూన్ నుంచి డిసెంబరు దాకా. నెలకు 1500 ఇచ్చేవారు. "వంట నేర్చుకోడానికి మళ్ళా కర్నూలు పోవల్లనా?" అని మా వీధిలో అడగనివాళ్ళు లేరు. నాయన ఒక్కడే ఏమీ అనలేదు. బస్సెక్కించేటప్పుడు నా చేతిలో బుడ్డల (వేరుశనగల) సంచి పెట్టి "తిను, వాళ్ళకు పెట్టేటప్పుడు నువ్వు పస్తుండొద్దు" అన్నాడు.

ఈ ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. డాక్టరు జబ్బు చూస్తాడు. డైటీషియన్ ఆ జబ్బుకు ఎన్ని కెలోరీలు, ఎంత ప్రోటీన్, ఎంత ఉప్పు అని నిర్ణయిస్తుంది. ఆ కాగితం మీది అంకె వంటగదిలో గిన్నెగా మారి, సరైన మంచానికి, సరైన వేళకు చేరాలి. రోగి తిన్నాడా, ఎంత వదిలేశాడు అన్నది మళ్ళీ డైటీషియన్‌కు తెలియాలి. ఈ నడుమ పనంతా టెక్నీషియన్‌ది. అమెరికాలో దీనికి రెండేళ్ల కోర్సు, ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద ప్రాక్టీసు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ పరీక్ష ఉన్నాయని మాకు పని నేర్పే డైటీషియన్ మేడమ్ చెప్పేది. మన దగ్గర అప్పట్లో ఆ పేరుతో గట్టి చట్టం ఏదీ లేదు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చి డైటీషియన్‌ను, న్యూట్రిషనిస్టును జాబితాలో చేర్చినప్పుడు నేను ఆ వార్తను కత్తిరించి దాచుకున్నాను.

కొండారెడ్డి బురుజుకు దగ్గరలో, పాత ఊళ్ళో, ముగ్గురు అమ్మాయిలం కలిసి కింది గది అద్దెకు తీసుకున్నాం. పొద్దున 5:30కు బయల్దేరితే బురుజు దగ్గర ఉగ్గాని బండి అప్పుడే పొయ్యి ముట్టిస్తూ ఉండేది. 6 గంటలకు వంటగదిలో ఉండాలి. రాత్రి డ్యూటీ నర్సులు పంపిన చీటీలు ముందు కూడాలి: మామూలు భోజనం ఎందరికి, మెత్తటి ఆహారం ఎందరికి, ఉప్పు లేనిది, షుగర్ వాళ్ళది, ద్రవాహారం, ట్యూబు వాళ్ళది. ఆ లెక్క ప్రకారమే బియ్యం, పప్పు, పాలు తూచి ఇవ్వాలి. పాలు రాగానే లాక్టోమీటరు వేసి చూడాలి. గుడ్లు నీళ్ళల్లో వేసి, తేలినవి పక్కన పెట్టాలి. పళ్ళెం మీద పెట్టే చీటీలకు రంగులుండేవి, షుగర్‌కు పచ్చ, ఉప్పు లేనిదానికి ఎరుపు. రంగు తప్పితే మంచం తప్పినట్టే.

అన్నిట్లోకి నాకు భయమేసింది ట్యూబు ఆహారం. ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నటి గొట్టం గుండా పోయాలి. పాలు, చక్కెర, ఉడికించిన రాగి పిండి, గుడ్డు, కాస్త నూనె కలిపి మిక్సీలో వేసి, పలుచటి బట్టలో రెండుసార్లు వడగట్టేవాళ్ళం. ఒక్క పలుకు మిగిలినా గొట్టం మూసుకుపోతుంది. ఒక్కో విడతకు 200 మి.లీ., రెండు గంటలకోసారి. పోసే ముందు మంచం తలవైపు ఎత్తాలి. సిరంజితో వెనక్కి లాగి, ముందు పోసింది అరిగిందో లేదో నర్సు చూడాలి. పోశాక 30 మి.లీ. నీళ్ళు పోసి గొట్టం కడగాలి. కలిపినది బయట 4 గంటలు దాటితే పారబోయడమే. నేను మొదటిసారి కలిపింది రాగి పిండి సరిగ్గా ఉడకక చిక్కబడి, జారలేదు. మేడమ్ ఒక్క మాట కూడా అనకుండా గ్లాసులో పోసి నా చేతికిచ్చి "తాగి చూడు" అంది. చప్పగా, పచ్చి వాసనతో ఉంది. నోటికి తెలియని మనిషికైనా ఇది పోయొచ్చా అని నా మనసే నన్ను అడిగింది. ఆ తర్వాత నేను కలిపిన ప్రతి విడతా ముందు నేను ఒక చెంచా రుచి చూశాకే పైకి పోయింది.

వంటగదిలో పెద్ద వంటావిడను అందరం అక్కా అనేవాళ్ళం. ఆమెకు చదువు రాదు, గరిటెలతోనే అన్నీ చెప్పేది. ఉప్పు లేని కూర వండే పద్ధతి ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కూర మొత్తం వండి, ఉప్పు వేయకముందే ఎర్ర చీటీల వాళ్ళ వాటా తీసి పక్కన పెట్టేది. దాంట్లో మిరియాల పొడి, వెల్లుల్లి, కొత్తిమీర వేసి, దించాక నిమ్మకాయ పిండేది. "ఉప్పు లేకపోతే పులుపు సగం మోస్తుందమ్మీ" అనేది. ఒక చెంచా ఉప్పులో 2000 మిల్లీగ్రాముల సోడియం ఉంటుందని నేను పుస్తకం చూసి చెప్తే ఆమె తల ఊపి, "మరి దిండు కింద ఆవకాయ సీసాలో ఎంతుంటాదో చెప్పు" అంది. నిజమే. ఆ రోజు సాయంత్రం వార్డులో తిరిగితే మూడు దిండ్ల కింద మూడు సీసాలు దొరికాయి. తీసుకోలేదు. వాళ్ళ కోడళ్ళ పక్కన కూర్చుని, గుండె జబ్బుతో ఒంటికి నీరు పట్టినప్పుడు ఉప్పు ఏం చేస్తుందో చెప్పాను. ఒకావిడ సీసా తానే తీసి నా చేతిలో పెట్టింది, మిగతా ఇద్దరూ పెట్టలేదు.

చదువు భాగం మధ్యాహ్నాలు. మేడమ్ దగ్గర జాతీయ పోషకాహార సంస్థ పట్టికల పుస్తకం ఉండేది, అట్ట ఊడిపోయి దారంతో కుట్టింది. ఆ సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదు వచ్చిందని, మనం రోజూ తినే ప్రతి గింజనూ ఆ సంస్థలో పరీక్షించారని చెప్పేది. నేను దాంట్లోంచి మా సీమ తిండి అంతా ఒక నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. 100 గ్రాముల బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములు, రాగుల్లో 344. ఆ రెండంకెలు పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్న రోజు నాకు గుర్తుంది. రాగి సంగటి తినే మా జేజి, అంటే నాయనమ్మ, 70 ఏళ్ళకు కూడా నెత్తిన గడ్డి మోపు పెట్టుకుని వంగకుండా నడిచేది. బుడ్డల్లో 100 గ్రాములకు 25 గ్రాముల ప్రోటీన్, 567 కెలోరీలు. నాయన బస్సు దగ్గర ఇచ్చిన సంచి ఎంత విలువైనదో అప్పుడు తెలిసింది.

ఒక మధ్యాహ్నం మేడమ్ పుస్తకం మూసి, ధాతు కరువు గురించి చెప్పింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని తినేసిన కరువు అది. కర్నూలు జిల్లా దెబ్బతిన్న తీరు మిగతా చోట్ల కన్నా ఘోరం. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనుల్లో మట్టి తవ్వే కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం చాలని లెక్క కట్టాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు అది చాలదని, పప్పూ కూరా కూడా ఉండాలని గట్టిగా వాదించాడు. "ఎవరి మాట సరైందో మీరే లెక్క కట్టండి" అంది మేడమ్. ఒక పౌండు అంటే 450 గ్రాములు. బియ్యంగా చూస్తే 1550 కెలోరీలు, ప్రోటీన్ 30 గ్రాములు. బరువు పని చేసే మగవాడికి మా పుస్తకంలో ఉన్నది 3800 కెలోరీలు. మాతో ఉన్న అమ్మాయి లెక్క చేసి పెన్ను కింద పెట్టేసింది. అప్పటిదాకా కెలోరీ అంటే సన్నబడాలనుకునేవాళ్ళ మాట అనుకున్నాను. మా జిల్లాలో ఆ అంకె ఎందరి చావు బతుకులు తేల్చిందో ఆ రోజు అర్థమైంది.

వార్డుల సంగతులు చెప్పాలంటే చాలా ఉన్నాయి. కిడ్నీ వార్డులో రోజూ కొబ్బరి బోండాలతోనే పోట్లాట. చూడ్డానికొచ్చిన ప్రతి బంధువూ బోండాం తెస్తాడు, అది ప్రేమ. కిడ్నీ పని చేయని మనిషి ఒంట్లో పొటాషియం బయటికి పోదు, పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి నీళ్ళలో అదే దండిగా ఉంటుంది. కూరగాయలు సన్నగా తరిగి, నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండమని చెప్తే "సారమంతా పారబోస్తే ఇంకేముంటాదమ్మా" అని బాధపడేవాళ్ళు. వాళ్ళ బాధ అబద్ధం కాదు. ఒంటికి మంచిదని జీవితమంతా నమ్మినదాన్ని వదలమని మనం అడుగుతున్నాం. అది మెల్లగా, రెండుసార్లు, మూడుసార్లు చెప్పాల్సిన మాట.

ఆ ఏడు ఆగస్టు చివర్లో రంజాన్ నెల మొదలైంది. షుగర్ ఉన్న ఒక ముసలావిడ రోజా ఉండే తీరుతానంది. కొడుకులు వద్దని కోప్పడుతున్నారు. మేడమ్ కోప్పడలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మాత్రల వేళలు మార్పించింది. సహరీకి జొన్న రొట్టె, గుడ్డు, పప్పు, నిండుగా నీళ్ళు. ఇఫ్తార్‌కు ఖర్జూరం ఒకటి రెండు, షర్బత్ వద్దు. పగలు ఏ వేళకైనా షుగర్ 70 కన్నా తగ్గితే రోజా విడవాలి, ఆ మాట ముందే ఇవ్వాలి. ఆవిడ మాటిచ్చింది. ఆ కాగితం నేనే రాశాను. "బేటీ, పెద్ద అక్షరాలు రాయి, నా మనవరాలు చదవాలి" అంది.

నవంబరులో ఆదోని దిక్కు నుంచి ఒక అవ్వ రెండేళ్ళ మనవణ్ణి ఎత్తుకొచ్చింది. తల్లిదండ్రులు పత్తి ఏరడానికి గుంటూరు దిక్కు వలస పోయారు. పిల్లాడి చేయి నా బొటనవేలు, చూపుడువేలు మధ్య ఇమిడింది. అంత ఎండిపోయిన బిడ్డకు ఒక్కసారే ఎక్కువ పెడితే ప్రాణానికే ప్రమాదం. అందుకే మొదట పలుచటి పాలు: 100 మి.లీ.లో 30 మి.లీ. పాలు, 9 గ్రాముల చక్కెర, 2 మి.లీ. నూనె, మిగతా నీళ్ళు, అంటే 75 కెలోరీలు. రెండు గంటలకోసారి, రాత్రి కూడా. అవ్వకు ఇది గిట్టలేదు. "ఇన్ని దినాలు లేక పెట్టలేదు, ఇప్పుడుండి కూడా నీళ్ళ పాలా?" అని ఏడ్చింది. ఎండిన చేనుకు ఒక్కసారిగా చెరువు గండి కొడితే పైరు కొట్టుకుపోతుంది కదవ్వా అన్నాను. ఆమె చేను చేసిన మనిషి, ఆ మాట పట్టుకుంది. ఐదో రోజు పిల్లాడు గిన్నె కోసం చేయి చాపాడు.

ఇక నా తప్పు గురించి రాయాలి. ఇన్నేళ్ళలో దాన్ని మరిచిన రోజు లేదు.

ఆగస్టు మధ్యలో వెల్దుర్తి దిక్కు పల్లె నుంచి ఒక పెద్దాయన షుగర్‌తో వచ్చాడు. వారం ఉండి ఇంటికి పోతున్నాడు. ఇంటికి పోయేవాళ్ళకు కాగితం రాసే పని అప్పుడే నాకు కొత్తగా ఇచ్చారు. మా దగ్గర అచ్చు చేసిన నమూనా ఒకటి ఉండేది. దాన్ని చూసి నీటుగా రాశాను. పొద్దున రెండు ఫుల్కాలు, 11 గంటలకు ఒక ఆపిల్, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రి రెండు ఫుల్కాలు. సంగటి మానేయాలి అని కింద గీత గీసి మరీ రాశాను. మేడమ్ ఆ రోజు సెలవు. ఆయన కాగితాన్ని మడిచి కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు రాసినట్టే తింటా తల్లీ" అన్నాడు.

అన్న మాట ప్రకారమే తిన్నాడు. సెప్టెంబరు మొదటి వారంలో భార్యతో కలిసి మళ్ళీ వచ్చాడు. ఉల్లి పెరికే కాలం అది. పొద్దున మాత్ర వేసుకుని, రెండు ఫుల్కాలు తిని, చేనుకు పోయి వంగిన నడుము ఎత్తకుండా పని చేశాడట. ఆపిల్ కొనే స్తోమత లేదు. 11 గంటలకల్లా చెమటలు పట్టి, చేతులు వణికి గట్టు మీద కూలబడ్డాడు. తెలివి ఉంది గనక భార్య బెల్లం నీళ్ళు తాగించింది. ఇలా మూడుసార్లు అయ్యిందట. "నేను సంగటి తినమంటా, అమ్మి వద్దని రాసింది అంటాడు ఈయప్ప" అని ఆమె కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర చిరిగి, ఉల్లి మట్టి అంటుకుని ఉంది. నా అక్షరాలే, గీతతో సహా.

డాక్టరు మాత్ర తగ్గించాడు. నా కాళ్ళు ఆడలేదు. ఆయన ఎలా బతుకుతున్నాడు, ఏ పని చేస్తాడు, ఇంట్లో గోధుమ పిండి ఉందా, ఒక్క మాటైనా అడగలేదు నేను. నన్ను నమ్మినందుకు ఆయన చేనులో పడ్డాడు. మేడమ్ కాగితం మొత్తం చదివి అడిగింది: "ఆయన తినే ముద్ద ఎంతుంటుంది?" నాకు తెలీదు. పుట్టినప్పటి నుంచి సంగటి తిన్నదాన్ని, ముద్ద బరువు తెలీదు. "ఈ వారం వార్డుకు రావద్దు. అక్క దగ్గర సంగటి చెయ్యి, తూచు" అంది.

ఆ వారం నా చదువులో అన్నిటికన్నా పెద్ద వారం. అక్క మొదట నూక బియ్యం ఎసట్లో వేసి మెత్తగా ఉడికించేది. దాని మీద రాగి పిండి కుప్పగా పోసి, మధ్యలో తెడ్డు వెనక భాగంతో బొక్క చేసి, మూత పెట్టి సెగ తగ్గించేది. పిండి కింది నుంచి ఆవిరికి ఉడుకుతూ ముదురు రంగు తిరుగుతుంది. అప్పుడు గిన్నెను రెండు కాళ్ళ మధ్య అదిమి పట్టి, తెడ్డుతో గెలికితే ఒక్క గడ్డ కూడా మిగలకూడదు. మొదటి రోజు నా భుజాలు పట్టేశాయి, గిన్నె నిండా పిండి గడ్డలు. నాలుగో రోజుకు చేయి కుదిరింది. చేతులు తడుపుకుని పళ్ళెంలో ముద్ద తిప్పుతుంటే వేడికి అరచేయి ఎర్రబడేది. ప్రతిసారీ పిండి తూచాను, నూక తూచాను, ముద్ద తూచాను. 50 గ్రాముల రాగి పిండి, 25 గ్రాముల నూక కలిస్తే 270 గ్రాముల దగ్గర ముద్ద వస్తుంది. 250 కెలోరీలు. అంటే మూడు ఫుల్కాలతో సమానం. పెద్దాయనను అడిగితే రెండు చేతులూ దోసిలి పట్టి తన ముద్ద సైజు చూపించాడు. అది మా ముద్దకు రెండింతలు. అలాంటివి పూటకు రెండు తినేవాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాగులు తింటే షుగరే రాదని, ఎంతైనా తినొచ్చని ఇప్పుడు చాలామంది చెప్తున్నారు. అది నిజం కాదు. మెత్తగా ఆడించిన పిండిని మెత్తగా ఉడికిస్తే అదీ తొందరగానే చక్కెర అవుతుంది. సంగటి శత్రువు కాదు, మందూ కాదు. ముద్ద ఎంత, పక్కన ఏముంది, తిన్నాక ఒంటికి పని ఉందా, ఈ మూడూ చూడాలి. ఆ రోజుల్లో నేను ఒక తప్పు రాశాను, ఇప్పుడు ఇలా చెప్పేవాళ్ళు దాన్నే తలకిందులుగా చేస్తున్నారు.

కొత్త కాగితం పెద్దాయన భార్య పక్కన కూర్చుని రాశాను, పొయ్యి దగ్గర ఉండేది ఆమే గనక. పొద్దున చిన్న ముద్ద ఒకటి, ఆకుకూర పప్పుతో. చేనుకు టిఫిను డబ్బాలో ఇంకో చిన్న ముద్ద, మజ్జిగ, 11 గంటలకు. మధ్యాహ్నం జొన్న రొట్టె ఒకటి, కూర ఎక్కువ. రాత్రి కొర్ర బువ్వ ఒక గిన్నె. పంచె కొంగులో బెల్లం గడ్డ ఒకటి ఎప్పుడూ ఉండాలి, చెమటలు పడితే మూడు చెంచాల అంత వెంటనే నోట్లో వేసుకోవాలి, పావుగంట కూర్చోవాలి. ముద్ద సైజు ఎలా చెప్పాలి? వాళ్ళింట్లో త్రాసు లేదు. అక్క వంటగదిలోంచి స్టీలు గిన్నె ఒకటి తెచ్చి, "దీన్నిండా ఒత్తి తిప్పితే ఒక ముద్ద" అని వాళ్ళకిచ్చేసింది. సెప్టెంబరు చివర్లో వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఆయన ముఖం తేటగా ఉంది. షుగర్ కూడా దిగింది. ఒక సంచి ఉల్లిపాయలు తెచ్చి వంటగదిలో దింపాడు.

ఆ వారం తూచినవన్నీ నోటుబుక్కులో ఉండేవి. సంగటి, జొన్న రొట్టె, కొర్ర బువ్వ, బొరుగుల ఉగ్గాని, ఓళిగ కూడా. అక్టోబరు 2 గాంధీ జయంతికి సెలవని ముందు రోజు సాయంత్రం నేను కోడుమూరు పోయాను. ఆ రాత్రికి తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలును ముంచేశాయి. శ్రీశైలం నుంచి వెనక్కి తన్నిన నీళ్ళూ కలిసి, పాత ఊరు మేడల దాకా మునిగింది. మా గదిలోని అమ్మాయిలు పై అంతస్తు మీద ప్రాణాలు దక్కించుకున్నారు. దారులు తెరిచాక నేను పోయి చూస్తే గదిలో మోకాలి లోతు బురద. నోటుబుక్కు బురదలో ఉబ్బి దొరికింది. సిరా అంతా కరిగి, పేజీలన్నీ ఒకే నీలి రంగు. ఊరంతా ఇళ్ళూ సామాన్లూ పోగొట్టుకుని రోడ్డు మీద ఉంటే నా పుస్తకం ఒక లెక్కా అని దాన్ని అక్కడే వదిలేశాను. వంటగదిలో మూడు వారాల పాటు ఎవరికీ సెలవు లేదు. దీపావళికి మాత్రం ఒక్క రాత్రి ఇంటికి పంపారు.

ఆ రాత్రి ఇంట్లో సంగటి. నేను సంచిలోంచి చిన్న త్రాసు తీసి పొయ్యి పక్కన పెట్టాను, పోయిన అంకెలు మళ్ళీ రాసుకుందామని. జేజి తెడ్డు ఆపి దాని వైపు చూసింది.

"ఏందది?"

"ముద్ద తూచాలి జేజీ. చదువు పని."

ఆమె ముఖం మారింది. "బువ్వ తూచి పెట్టేది నేను కరువులోనే చూసినా" అంది. 1952లో సీమలో గంజి కేంద్రాలు పెట్టినప్పుడు ఆమెకు 12 ఏళ్ళు. చెల్లెల్ని చంకనేసుకుని వరసలో నిలబడేదట. మనిషికి ఇన్ని గరిటెలని లెక్క. గరిటె అంచు మీద వేలు పెట్టి గీసి పోసేవాడట పోసేవాడు, పైన పొంగకుండా. "చంకలో బిడ్డకు ఒక గరిటె వేరే పొయ్యమంటే, బిడ్డను కింద నిలబెట్టు, నిలబడితే పోస్తా అన్నాడు. దానికి నిలబడే శక్తి లేదు" అంది. ఈ సంగతి అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఆమె. అమ్మ కూడా పని ఆపి వింటోంది.

నేను త్రాసు తీసి సంచిలో పెట్టబోయాను. జేజి చేయి అడ్డం పెట్టింది. వెల్దుర్తి పెద్దాయన సంగతి అంతకుముందు నేను ఫోనులో ఏడుస్తూ చెప్పింది ఆమెకే. "ఆయప్ప మాదిరి మనిషి చేన్లో పడకుండా ఉండేదానికేనా ఇది?" అని అడిగింది. అవునన్నాను. "అయితే ఉండనీ" అంది. చేతులు తడుపుకుంది. గిన్నె లేదు, కొలత లేదు. వేడి వేడి సంగటిని చేత్తోనే తీసి, పళ్ళెంలో నాలుగు తిప్పులు తిప్పి, నాయనకు, అమ్మకు, చెల్లెలికి, నాకు నాలుగు ముద్దలు చేసింది. ఒక్కొక్కటీ త్రాసు మీద తానే పెట్టింది. నేను కొత్త నోటుబుక్కు మొదటి పేజీలో రాశాను: 268, 272, 270, 275.

"ఎంతొచ్చె?" అంది. చెప్పాను. ఆమె తల ఊపి, ముద్ద మధ్యలో వేలితో గుంత చేసి నెయ్యి పోసి, పక్కన బుడ్డల ఊరుబిండి పెట్టి నా ముందుకు జరిపింది. "సల్లారిపోతాది, తిను" అంది.